చుక్క తెగిపడ్డ నాటి పసుపు

ఇరవై ఆరేళ్లుగా నేను బడిలో పిల్లలకు ఉల్కల పాఠం చెప్తున్నాను. బోర్డు మీద సుద్దముక్కతో ఒక గీత గీసి, దాని కొసన చిన్న మంట బొమ్మ వేసి, గాలి ఒరిపిడికి రాయి మండుతుందనీ, మనవాళ్లు చుక్క తెగిందంటారు గానీ అది చుక్క కాదనీ చెప్పి, రెండు మార్కులకు వస్తుంది రాసుకోండని ముగిస్తాను. అంత పెద్ద ఉల్కను నా కళ్లతో నేను చూసింది మాత్రం ఒక్కసారే. రెండేళ్ల కిందట ఫాల్గుణంలో, ఆర్మూర్ నుంచి నందిపేట్ పోయే దారిలో, మా పసుపు కల్లంలో. చూసిన సారు ఏం చేశాడయ్యా అంటే, వాన వస్తోందని అరిచి, అప్పుడే ఉడికి పొగలు కక్కుతున్న పసుపు మీద టార్పాలిన్లు కప్పించాడు.

ఆ తెలివితక్కువతనం ఒప్పుకోవడానికి నాకేం బాధ లేదు. బాధల్లా ఇంకోటి. ఆ వెలుగును నాతోపాటు చూసి ఉండే అవకాశమున్న మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయన మా అన్న. ఆయనకూ నాకూ అప్పటికి ఆరేళ్లుగా మాటల్లేవు.

మా బాపు పోయాక ఉన్న నాలుగెకరాలు చెరి రెండు పంచుకున్నాం. కల్లాన్ని కూడా నడిమికి పంచి, హద్దుకు వరసగా రాళ్లు పెట్టుకున్నాం. ఆ రాళ్లు మోకాలెత్తు కూడా ఉండవు. అటు ఆయన పసుపు, ఇటు నా పసుపు. ఆయన తుమ్మితే నాకు వినబడుతుంది, నేను దగ్గితే ఆయనకు వినబడుతుంది. ఆయన పొద్దున్నుంచీ అక్కడే ఉంటాడు, నేను బడి విడిచాక పోతాను. అయినా ఆరేళ్లు ఒక్క మాట లేకుండా నెట్టుకొచ్చాం. తప్పనిసరైతే మోటరుతోనో బర్రెతోనో మాట్లాడేవాళ్లం. నా మడి తడిసింది, ఇక చాలని నేను మోటరుకు చెప్తే, కాసేపటికి ఆయన లేచి పోయి నీళ్లు తన మడికి మళ్లించుకునేవాడు. మా ఆడవాళ్లకు ఈ కట్టుబాటు లేదు. వదినా నా భార్యా ఆ హద్దురాళ్ల మీదే కూర్చుని, కూరలు మార్చుకుని, మా ఇద్దరి గురించి చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వు వినబడినప్పుడు మాత్రం మేమిద్దరం ఒకేసారి ముఖం ముడుచుకునేవాళ్లం.

మాటలు ఆగింది అమ్మ చావుతో. ఒక తెల్లవారుజామున ఆమెకు మూతి వంకర పోయి, కుడి చెయ్యి పడిపోయింది. డాక్టరు చూసి, హైదరాబాద్ తీసుకుపోతే ఆశ ఉండొచ్చన్నాడు. ఈ వయసులో అంత దూరం తట్టుకుంటుందో లేదో చెప్పలేనని కూడా అన్నాడు. నేను మొదటి మాటే విన్నాను. అన్న రెండో మాట విన్నాడు. ఇంట్లోనే ఉండనిద్దాం, మన చేతుల్లోనే ఉంటుంది అన్నాడు. నాకు కోపం వచ్చింది. చదువుకున్నవాణ్ని నేను, నాకు తెలుసు అన్నాను. హైదరాబాద్ దారిలో అంబులెన్సు ఇందల్వాయి దాటకముందే అమ్మ పోయింది.

వెనక్కి తీసుకొచ్చాం. బయట పోయిన పీనుగ గడప దాటి లోపలికి రాకూడదని కులపెద్దలు అన్నారు. ప్రతి శుక్రవారం తాను పసుపు రాసి బొట్లు పెట్టిన గడపకు రెండు బారల దూరంలో, వాకిట్లో, అమ్మను పడుకోబెట్టారు. పైన ఎండ పడుతుంటే చీర ఒకటి అడ్డం కట్టారు. వచ్చిన జనమంతా వింటుండగా అన్న నాతో అన్నాడు, "అమ్మను గడప బయట పండవెడ్తివి గదరా." నేను ఊరుకుంటానా? నీ చేతుల్లో పెడితే మంచంలోనే కుళ్లిపోయేదని అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను గానీ ఏం లాభం. అవే మా ఆఖరి మాటలు. పదకొండు రోజుల కర్మ కూడా చెరో పక్కకు తిరిగి కూర్చునే చేశాం.

ఇక ఆ సాయంత్రం సంగతి. ఏడున్నర అయి ఉంటుంది. పసుపు ఉడకబెట్టే బాయిలర్ ట్రాక్టరు రెండు కల్లాలకూ ఒకే రోజు వచ్చింది. ముందు అన్న పసుపు ఉడికించి, తర్వాత నాది ఉడికించి, బాయిలర్ ఆయన సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. ఇద్దరు కూలి ఆడవాళ్లూ నా భార్యా ఉడికిన కొమ్ములను పలచగా పరుస్తున్నారు. ఉడికిన పసుపుకు ముందు గాలి తగలాలి, ఆ వేడి పోవాలి, తర్వాత పదిహేను రోజులు ఎండాలి. కల్లం మూలన ఒక చిన్న బల్బు వెలుగుతోంది. నేను నడుం మీద చేతులు పెట్టుకుని, పని చేసేవాళ్లకు పని ఎలా చెయ్యాలో చెప్తున్నాను. సార్లకు అదొక రోగం.

అప్పుడు నా నీడ కదిలింది. నేను కదల్లేదు, నీడ కదిలింది. నల్లగా, కత్తిరించినట్టు కాళ్ల దగ్గర పడి, గడియారం ముల్లులా నా చుట్టూ తిరిగింది. కల్లమంతా తెల్లటి వెలుగు, అందులో కాస్త ఆకుపచ్చ. పసుపు తన రంగులో లేదు, సున్నపురాళ్లు ఆరబోసినట్టుంది. తలెత్తాను. గుట్టల మీదుగా నందిపేట్ దిక్కుకు వెల్డింగ్ మంటలాంటి ముద్ద ఒకటి, వెనక తోకతో, ఏ తొందరా లేకుండా పోతోంది. నడిమధ్యలో రెండు ముక్కలైంది. చిన్నముక్క ముందే ఆరిపోయింది, పెద్దది గోదావరి వైపు చీకట్లో కలిసింది. మొత్తం నాలుగైదు సెకన్లు. అది ఆరిపోయే ముందు ఎందుకో ఒక్క క్షణం తల దించాను. రాళ్ల అవతల అన్న నిలువునా కనిపించాడు. చేతిలో గంప, ముఖం నా వైపు. నా తల మీదుగా ఆకాశంలోకి చూస్తున్నాడనుకున్నాను.

చూశారా అని ఆడవాళ్లను అడిగాను. వాళ్లు వంగి పని చేస్తున్నవాళ్లు, వంగే ఉన్నారు. ట్రాన్స్‌ఫారం కాలిందేమో సారూ అంది ఒకామె. మా కల్లం పక్క ట్రాన్స్‌ఫారానికి భగ్గుమనడం అలవాటే, కాబట్టి ఆమె తప్పేం లేదు. రోడ్డు మీద ఏదో బండి లైటు అంది నా భార్య. నేను చేతులు ఊపుతూ వాళ్లకు ఉల్కల పాఠం మొదలుపెట్టాను. నిమిషమున్నర గడిచి ఉంటుంది. అప్పుడు ఉరిమింది.

దూరంగా, లోతుగా, లారీ మీద నుంచి ఖాళీ డ్రమ్ములు దొర్లినట్టు. అది ఆ రాయి చప్పుడే. వెలుగు ముందు వస్తుందనీ చప్పుడు వెనక వస్తుందనీ చెప్పేది కూడా నేనే, అదింకో రెండు మార్కులు. కానీ పసుపు రైతు కొడుక్కి ఫాల్గుణంలో ఉరుము వినబడితే అది బుర్ర దాకా పోదు, కాళ్లలోకి దిగుతుంది. చిన్నప్పటి నుంచీ మెరిసి ఉరిమిందంటే మాకు ఒకటే అర్థం, పసుపు తడుస్తుంది, ఉరుకు. ఉరికాను. వాన, వాన అంటూ కుప్పగా పడి ఉన్న టార్పాలిన్ కవర్లు లాగాను.

నా భార్య అడ్డం వచ్చింది. పసుపు ఇంకా కాలుతోంది, ఇప్పుడు కవరు కప్పితే చెమట పట్టి కంపు కొడుతుంది, పైన చుక్కలు కనబడుతున్నాయి చూడు అంది. చూడొచ్చు. చూస్తే ఆమె చెప్పింది నిజమైపోతుంది. నీకేం తెలుసు, నేను చెప్తున్నా కప్పు అని కసిరాను. కప్పారు. గాలికి లేవకుండా అంచుల మీద రాళ్లు కూడా పెట్టించాను.

వాన రాలేదు. ఇంటికి పోయి పడుకున్నాక మూడుసార్లు లేచి వాకిట్లోకి వచ్చి చూశాను. మబ్బుతునక లేదు. పోయి కవర్లు తీసెయ్యొచ్చు, బండి మీద పోతే పది నిమిషాలు. తీస్తే నేను తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. మంచుకు కప్పి ఉంచితేనే మంచిదని నాకు నేనే ఒక సాకు చెప్పుకుని పడుకున్నాను. కళ్లు మూస్తే నీడ నా చుట్టూ తిరుగుతోంది.

తెల్లారి నేను లేచేసరికే నా భార్య కల్లానికి పోయింది. కవరు ఎత్తితే నీళ్లు ధారగా కారాయట. నేను పోయి చూసేసరికి కొమ్ములు జిగటగా ఉన్నాయి, పులిసిన గంజి వాసన. ఒకటి విరిచాను. లోపల మెరవాల్సిన రంగు మందగించి మట్టిరంగుకు తిరిగింది. ఆమె పాడైన కొమ్ములను గంపలోకి ఎత్తుతోంది. తిట్టినా బాగుండేది. ఆమె ముఖం చూడలేక రాళ్ల అవతలికి చూశాను. అన్న పసుపు మీద కూడా నీలం కవర్లు, రాత్రి నా హడావుడిలో నేను గమనించనేలేదు. అంచుల మీద రాళ్లు. వదిన ఒక మూల ఎత్తి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటోంది.

నిజం చెప్పాలంటే నాకు సంతోషమేసింది. నాకొక్కడికే పిచ్చి పట్టలేదన్నమాట. ఆయన కూడా వెలుగు చూశాడు, ఉరుము విన్నాడు, నాలాగే ఉరికాడు. ఒకే బాపు చేతి కింద పెరిగినవాళ్లం కదా అనుకున్నాను. ఆ సంతోషం ఒక గంట ఉంది. తర్వాత మొదలైంది దురద. ఆయన చూసింది ఏమిటి? రెండు ముక్కలు కావడం చూశాడా? ఆకుపచ్చ రంగు చూశాడా? అడిగితే తెలుస్తుంది. అడగడానికి నోరు లేదు.

మూడు రోజులు నేనెక్కడా కుదురుగా కూర్చోలేదు. బడిలో సార్ల గదిలో చెప్తే, ఇంట్లో మేడమ్ గట్టిగానే ఇచ్చినట్టుంది, సార్‌కు చుక్కలు కనబడ్డాయని లెక్కల సారు అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, లోపల మండింది. ఆ రోజు పదో తరగతికి చెప్పాల్సిన పాఠం పక్కన పెట్టి ఉల్క గురించే చెప్పాను. ఫోటో ఉందా సార్ అని అడిగారు. లేదనగానే వాళ్ల ముఖాలు మళ్లీ పుస్తకాల్లోకి పోయాయి. ఈ కాలంలో ఫోటో లేకపోతే జరగనట్టే. ఊళ్లో నేనున్న వాట్సాప్ గ్రూపులన్నీ గాలించాను. పెళ్లి పిలుపులూ గుడ్ మార్నింగులూ తప్ప ఏమీ లేవు.

సాయంత్రం నందిపేట్ షేర్ ఆటోలు ఆగే చోటికి పోయి డ్రైవర్లను ఒక్కొక్కరినీ అడిగాను. వెలుగైతే వచ్చింది సారూ, ఎదురొచ్చేవాడు లైటు దించలేదని తిట్టుకున్నానని ఒకతను అన్నాడు. అంకాపూర్‌లో ఉన్న మా మేనత్త కొడుక్కి ఫోన్ చేస్తే, ఆ టైముకు టీవీ ముందున్నానన్నాడు. కరెంటు మనిషి పోయి చూసొచ్చి, ట్రాన్స్‌ఫారం నిమ్మళంగా ఉందన్నాడు. అంటే కాలింది అది కాదని తేలింది గానీ, పైనుంచి పోయింది ఏమిటో తేలలేదు. మా కూలి ఆమె అయితే నన్నే తప్పుపట్టింది. చుక్క తెగింది చూసినవాళ్లు మూడు రోజుల దాకా ఎవరికీ చెప్పకూడదట, నేను ఆర్మూర్ అంతా దండోరా వేశానట.

తింటూ తింటూ లేచి పోయేవాణ్ని. బడి నుంచి కల్లానికి, కల్లం నుంచి ఇంటికి, ఇంటి నుంచి మళ్లీ కల్లానికి. కల్లంలో అన్న ఉంటే రాళ్ల దాకా పోయి, పాడైన పసుపు చూస్తున్నట్టు నటించి, వెనక్కి వచ్చేవాణ్ని. కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిటి, ఆయన్ని అడిగితే అయిపోతుంది కదా అంది నా భార్య. ఎవరినని అడిగాను, తెలియనట్టు. ఆమె గిన్నెలు తీసుకుపోయింది.

మూడో రోజు సాయంత్రం చాయ్ దుకాణం దగ్గర బాయిలర్ ఆయన కలిశాడు. ఆర్మూర్‌లో వాళ్ల ఇల్లు మసీదు వెనకే. ఎన్నో ఏళ్లుగా మా రెండు కల్లాలకూ ఆయన బాయిలరే వస్తుంది. పసుపు పాడైన సంగతి అప్పటికే ఆయనకు తెలుసు. ఇన్నేళ్లలో వేడి పసుపు మీద కవరు కప్పిన రైతును చూడలేదని, అదీ ఒకే రోజు ఇద్దరిని చూశానని నవ్వాడు. నేను మళ్లీ మొదటి నుంచీ కథంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, నా చేతికి చాయ్ గ్లాసు ఇచ్చి, ఊరందరినీ అడగడం ఎందుకు, పక్కనే ఉన్నాడు కదా మీ అన్న అన్నాడు. మేం మాట్లాడుకోమని ఆయనకు తెలుసు. తెలిసే అన్నాడు. నేను నేల చూపులు చూస్తుంటే, నా దిగులు కనిపెట్టినట్టు మెల్లగా అన్నాడు, "మీ ఫికర్ గా చుక్కది కాదు సార్."

నాకు కోపం వచ్చింది. చాయ్ తాగకుండానే లేచి వచ్చాను. బండి మీద కొంత దూరం పోయాక, ఆ కోపం ఎందుకొచ్చిందో అర్థమైంది. ఆయన చెప్పింది నిజం. ఆరేళ్లుగా అన్నతో మాట్లాడటానికి నేనొక సాకు కోసం వెతుకుతున్నాను. పండగలు పోయాయి, వాళ్లింట్లో శుభకార్యం ఒకటి పోయింది, నేను గుమ్మం దాకా పోయి తిరిగొచ్చాను. ఇప్పుడు ఆకాశమే ఒక సాకు తెచ్చి కల్లంలో పడేస్తే, నేను ఆటోవాళ్ల చుట్టూ తిరుగుతున్నాను. నామీద నాకే అసహ్యమేసింది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే పోయాను. అన్న గోనెసంచి పరుచుకుని కూర్చుని, జిగట పట్టిన కొమ్ములను ఏరి పక్కన వేస్తున్నాడు. వదిన ఇంకా రాలేదు. నేను రాళ్ల దగ్గర నిలబడ్డాను. అలవాటు కొద్దీ నా మెడ మోటరు వైపు తిరిగింది. బలవంతాన ఇటు తిప్పాను.

"అన్నా, మొన్న గా ఎలుగు చూస్తివా?"

ఏరుతున్న చెయ్యి ఆగింది. ఆయన తలెత్తలేదు. ఏం వెలుగని అడిగాడు. గుట్టల దిక్కు నుంచి గోదావరి వైపు పోయింది, నువ్వు కూడా చూస్తున్నావు, నిన్ను నేను చూశాను అని గబగబా చెప్పాను. ఎక్కడ మధ్యలో ఆపేస్తాడోనని భయం. ఆయన అప్పుడు తలెత్తాడు.

"ఎలుగైతే వచ్చింది. నేను మీదికి చూడలే. నువ్వు నోరు తెర్సుకొని నిలవడ్డవ్. నీకేమైందో ఏమోనని నిన్నే చూసిన."

ఉన్న ఒక్క సాక్షీ పోయాడు. అక్కడే ఒక హద్దురాయి మీద కూర్చున్నాను. అయితే కవర్లు ఎందుకు కప్పావని అడిగాను. కాస్త చిరాగ్గానే అడిగాను. ఇన్నేళ్ల తర్వాత మాట్లాడుతున్నానన్న సంగతి అప్పుడే మరిచిపోయాను. ఆయన ఒక కొమ్ము విరిచి, లోపలి రంగు చూసి, పక్కన పడేశాడు.

"నువ్వు కప్పినవ్ గద. సారువు. నీకెరుకుంటదనుకున్న."

వదిన వద్దని మొత్తుకుందట. చుక్కలు కనబడుతున్నాయి, వాన ఎక్కడిదని అందట. వాడు చదువుకున్నవాడు, ఊరికే కప్పడు అని ఆయన ఆమె నోరు మూయించాడట. ఈ మాట ఆయన మామూలుగా, పసుపు గురించి చెప్తున్నట్టే చెప్పాడు. అమ్మను చంపినవాణ్నని ఆయన నన్ను ఆరేళ్లుగా అనుకుంటున్నాడని నేననుకున్నాను. ఆ మనిషి నేను కవరు లాగడం చూసి, ఎందుకని అడగకుండా తనదీ కప్పుకున్నాడు. నాకు ఎటు చూడాలో తెలియలేదు. ఆయన చెయ్యి మళ్లీ ఏరడం మొదలుపెట్టింది.

"అమ్మప్పుడు గూడ గంతే," అన్నాడు. "నువ్వన్నవనే ఎక్కిచ్చిన. నేనే ఎత్తుకొచ్చి ఎక్కిచ్చిన."

అవును. అమ్మను రెండు చేతుల మీద ఎత్తుకుని గడప దాటించింది ఆయనే. నేను అప్పటికే అంబులెన్సు ముందు సీట్లో కూర్చుని హైదరాబాద్‌కు ఫోన్లు చేస్తున్నాను. ఆ రోజు వాకిట్లో అందరి ముందు ఆయన నన్ను అన్న మాటను ఆరేళ్లు పొద్దూ మాపూ నెమరేసుకున్నాను. ఆమెను మోసుకొచ్చిన చేతులు ఎవరివో ఒక్కసారి కూడా తలుచుకోలేదు. ఆయన కోపమంతా నామీదే అనుకున్నాను. అందులో సగానికి పైగా, నా మాట నమ్మినందుకు, తన మీద తనకే.

ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నాకు తెలియదని నేను ఎవరితోనూ అనలేదు. పిల్లలు రాని ప్రశ్న అడిగితే, రేపు చెప్తా కూర్చో అంటాను. ఇంట్లో అయితే కసురుతాను. ఆ పొద్దు రెండుసార్లు మొదలుపెట్టి ఆగాను.

"నాకెరుక లేకుండె అన్నా," అన్నాను. "మొన్న గూడ లేకుండె. గప్పుడు గూడ లేకుండె."

రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. వదిన టిఫిన్ గిన్నెతో దూరం నుంచి వస్తూ, నన్ను అక్కడ చూసి, దారిలోనే ఆగిపోయింది. అన్న గోనెసంచి మీద కాస్త పక్కకు జరిగాడు. కూర్చో అనలేదు, జరిగాడు. నేను రాళ్లు దాటి పోయి కూర్చున్నాను. పాడైనవి ఒక పక్క, బాగున్నవి ఒక పక్క, ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా ఇద్దరం ఏరాం. ఏదైనా కొమ్ము అటో ఇటో తెలియకపోతే ఆయనకు చూపించి అడిగాను.